తవుడు బస్తా

కాలువ గట్టున ఒక ఊరు. వంద గడప ఉంటుంది. తొలికోడి కంటే ముందు ఆ ఊళ్లో రోకళ్లు లేచేవి. ఇంటింటి వసారాలో ఒక రోలు, రోటి మీద కుందెన, అటొకరు ఇటొకరు నిలబడి దంచే ఆడవాళ్లు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది దిగేది. దంచి, చేటలో పోసి చెరిగితే ఊక గాలికి పోయేది. మిగిలిన బియ్యం గింజ గింజకీ ఎర్ర చారలతో కాస్త మాసినట్టుండేవి. వండితే అన్నం మల్లెపూవులా ఉండేది కాదు, నమిలి తినాల్సి వచ్చేది. అలవాటైన అన్నం కాబట్టి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఆ ఊరి కామందుకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, నిండుగా పాడీ పంటా. ఒక యేడు పట్నం వెళ్లి ధాన్యం ఆడించే మరను చూసొచ్చాడు. సంక్రాంతి ముందు రెండెడ్ల బండ్ల మీద ఇనుప సామాను దిగింది, ఊరి మొదట్లో రేకుల కొట్టం లేచింది. ఇద్దరు ఆడవాళ్లు పూటంతా దంచే ధాన్యం, చుట్ట కాల్చి పారేసేలోపు బియ్యమై కూర్చునేది. ముందు గొట్టంలోంచి మల్లెమొగ్గల్లాంటి బియ్యం. వెనక గొట్టంలోంచి గోధుమరంగులో మెత్తటి పొడి. కామందు ముందు గొట్టం కింద దోసిలి పట్టి, ఆ తెలుపు చూసి మురిసిపోయాడు. వెనక గొట్టం కింద పాలేరు ఒక బస్తా పట్టాడు.

పెద్దకోడలు ఆ రాత్రి చేతులు చూసుకుంది. అరచేతుల్లో కాయలు కట్టి పన్నెండేళ్లయింది. "ఇంక మెత్తబడతాయేమో" అంది తోడికోడలితో. ఊళ్లో ఆడవాళ్లందరూ మరకు మనసులో దణ్ణం పెట్టుకున్నారు. అందులో తప్పేమీ లేదు.

ఊరి చివర గుడిసెలో ఒక అవ్వ ఉండేది. మర కూలి ఇచ్చుకోలేక, పాత రోట్లోనే రోజూ శేరో సోలెడో దంచుకునేది. ఆమె రోకలి చప్పుడొక్కటే మిగిలింది ఊళ్లో.

కామందు ఇంట్లో తవుడు బస్తా నేరుగా గొడ్ల సావిట్లోకి వెళ్లేది. తెల్ల బియ్యాన్ని మూడు నీళ్లు పోసి కడిగితే ఆ కడుగు కుడితి గోలెంలోకి. అన్నం ఉడికాక వార్చిన గంజి కూడా అందులోకే. ఇంట్లోవాళ్ల కంచాల్లోకి మాత్రం తెల్లటి, మెత్తటి, నమలక్కర్లేని అన్నం.

శ్రావణం వచ్చింది. ముందు పెద్దకోడలికి అరికాళ్లలో చీమలు పాకినట్టయింది. తర్వాత పెద్దకొడుకు పిక్కలు రాయిలా బిగిసి, నొక్కితే అరిచేవాడు. ఒక సాయంత్రం కామందు అరుగు ఎక్కబోయి మోకాళ్లు మడతపడి మెట్టు మీదే కూలబడ్డాడు. పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే సొట్ట పడి, ఆ సొట్ట ఎంతసేపటికీ పూడేది కాదు. నాలుగడుగులేస్తే గుండె దడ. పొరుగిళ్లలోనూ ఇదే వరస.

నీళ్లు మంచివి కావన్నారు. కాలువ నీళ్లు మానేసి చెరువు నీళ్లు మోయించారు. గాలి మంచిది కాదన్నారు. తూర్పు గుమ్మం మూసి ఉత్తరాన గుమ్మం పెట్టించారు. దిష్టి అన్నారు, గుమ్మడికాయ కట్టారు. మర మోతకి అమ్మవారికి కోపమొచ్చిందని కూడా ఒకరన్నారు.

చివరికి పక్క ఊరి నుంచి వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన అందరి నాడీ చూశాడు, పాదాలు నొక్కి చూశాడు, మాట్లాడలేదు. ఊరంతా ఓ చుట్టు తిరిగాడు. గుడిసె ముందు అవ్వ నాట్లకి పోయి వచ్చి, బురద కాళ్లు కడుక్కుంటోంది. ఆయన కాసేపు ఆ కాళ్లకేసి చూశాడు. మళ్లీ కామందు అరుగు మీదికొచ్చి కూర్చుని మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తాగుతుంటే ఎదురుగా సావిట్లో గేదె. ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. దూడ పలుపు తెంపుకునేలా గెంతుతోంది. ఇంట్లో మనుషులంతా మంచాన పడ్డారు, గొడ్లకి మాత్రం ఏమీ కాలేదు.

"దీనికేం పెడుతున్నారు?"

"తవుడండీ. కుడితి, ఎండుగడ్డి" అన్నాడు పాలేరు.

"ఇంట్లోవాళ్లేం తింటున్నారు?"

"తెల్లటి అన్నమండీ, మల్లెపూవులాంటిది!"

వైద్యుడు చెంబు కింద పెట్టాడు. "కామందుగారూ, మీ ఇంట్లో గట్టి తిండి తింటున్నది ఆ గేదె ఒక్కటే. కొన్నాళ్లు దాని తవుట్లో మీరూ వాటా పుచ్చుకోండి" అన్నాడు.

కామందు మొహం ఎర్రబడింది. పశువుల తిండి తినమంటాడా అని పళ్లు కొరికాడు. వైద్యుడికి ఇవ్వాల్సింది ఇచ్చి పంపేశాడు.

కానీ వంటింటి గుమ్మం వెనక చిన్నకోడలు ఆ మాట విన్నది. ఆ రాత్రి పాలేరు చేత ఆ రోజు ఆడిన తాజా తవుడు రెండు శేర్లు తెప్పించుకుంది. జల్లెడ పట్టి, మూకుట్లో దోరగా వేయించి, బెల్లం పాకం పోసి ఉండలు చుట్టింది. బలానికి మంచివని తోడికోడలికి, బావగారికి, పిల్లలకి పూటకొకటి పెట్టింది. మావగారికి మజ్జిగ అన్నంలో కలిపి పెట్టింది, ఏమిటని ఆయన అడగలేదు. పది రోజులకి పెద్దకోడలు గోడ పట్టుకోకుండా నడిచింది. ఇరవయ్యో రోజున కామందు అరుగు ఎక్కాడు. ఎక్కి, వెనక్కి తిరిగి మెట్లకేసి చూసి, "అమ్మాయీ, ఏం పెడుతున్నావు నాకు?" అన్నాడు. ఆమె చెప్పింది.

మర్నాడు రచ్చబండ దగ్గర ఊరు ఊరంతా చేరింది. నిజం తెలిశాక మర మీద కోపం కట్టలు తెంచుకుంది. గడ్డపారలు తెచ్చారు. ఇంత కీడు చేసినదాన్ని ముక్కలు చేసి కాలువలో పడేద్దామన్నారు. కామందు కూడా తలూపాడు.

అప్పుడు చిన్నకోడలు, అంతమంది మగవాళ్ల ముందు ఎన్నడూ నోరు విప్పనిది, మాట్లాడింది. "మావయ్యగారూ, మరను పగలగొడితే రేపు తెల్లవారుజామున రోకలి పట్టేది మీరా, మేమా?"

ఎవరూ బదులు చెప్పలేదు.

ఆమె మర ఆడించే మనిషి వైపు తిరిగింది. "రెండుసార్లూ మూడుసార్లూ ఆడించొద్దు. ఊక పోయేదాకా ఒక్కసారి ఆడించు, ఆపెయ్."

"అలాగైతే బియ్యం తెల్లగా రావమ్మా."

"రాకపోతే రానీ."

మర ఆగలేదు. అప్పటి నుంచి ఆ ఊళ్లో బియ్యం మళ్లీ ఎర్ర చారలతోనే వచ్చాయి. రోకళ్లు గోడకి చేరగిలబడే ఉన్నాయి. అవ్వ ధాన్యం మాత్రం కూలి లేకుండా ఆడించాలని కామందు కట్టుబాటు పెట్టాడు.

ఈ కథలో నీతి ఇది: కొత్త సదుపాయం ఇంటికొచ్చినప్పుడు ముందు గొట్టం దగ్గరే నిలబడి మురిసిపోకూడదు. వెనక గొట్టం కింద నిండుతున్న బస్తాలోకి చెయ్యిపెట్టి చూడాలి. మనకు నిజంగా అక్కర్లేనిదే అందులో ఉందో, మనల్ని నిలబెట్టేది ఉందో తెలుసుకోవాలి.

కథ నేను కల్పించిందే గానీ, జరగనిది కాదు. అసలు కథలో గేదె బదులు కోళ్లున్నాయి. 19వ శతాబ్దం చివర్లో జావా దీవిలోని బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి జబ్బుకి, నా కథలో కామందు ఇంటిని పట్టినదానికే, కారణమైన సూక్ష్మక్రిమి కోసం వెతుకుతున్నాడు. ఆయన ప్రయోగశాల కోళ్లకి ఉన్నట్టుండి కాళ్లు పడిపోయాయి. కొన్నాళ్లకి వాటంతటవే తేరుకున్నాయి. ఆరా తీస్తే తేలింది ఇదీ: సైనిక ఆస్పత్రి వంటింట్లో మిగిలిన తెల్ల అన్నం కోళ్లకి వేస్తూ వచ్చారు. తర్వాత వచ్చిన వంటవాడు సైనికుల అన్నం ఈ కోళ్లకెందుకని ఇవ్వనన్నాడు. దాంతో వాటికి చవక రకం, పాలిష్ పట్టని బియ్యం వేశారు. ఆ చవక బియ్యమే వాటిని నిలబెట్టింది. ఆ తర్వాత వోర్డర్‌మన్ అనే అధికారి జావాలో వందకు పైగా జైళ్ల లెక్కలు తీశాడు. తెల్ల బియ్యం పెట్టే జైళ్లలో బెరిబెరి విపరీతం, ముడి బియ్యం పెట్టే జైళ్లలో దాదాపు లేనేలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఐక్‌మన్ దీనికి చెప్పుకున్న కారణం. తెల్ల బియ్యంలో ఏదో విషం ఉందని, దానికి విరుగుడు తవుట్లో ఉందని ఆయన నమ్మాడు. 1901లో ఆయన వెనక వచ్చిన గెరిట్ గ్రెయిన్స్ ఆ లెక్కని తిరగేశాడు: తెల్ల బియ్యంలో విషమేమీ లేదు, ఉండాల్సిందేదో లేదు. విన్నప్పుడు ఒకటే మాటలా అనిపిస్తుంది. కానీ విషం ఉందనుకుంటే గడ్డపార పట్టుకుంటాం. ఉండాల్సిందేదో లేదనుకుంటే తవుడు బస్తా విప్పుతాం. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది, రావాల్సిందే. నాకు మాత్రం గ్రెయిన్స్ మీద మక్కువ ఎక్కువ.

ఆ లేనిదాని పేరు థయమిన్, బి1 విటమిన్. మనిషికి రోజుకి కావలసింది ఒక మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే. తిన్న అన్నం శక్తిగా మారాలంటే అది ఉండాలి, లేకపోతే నరాలూ గుండే తడబడతాయి. అది ముడి గింజ పైపొరలోనూ మొలక ముక్కులోనూ ఉంటుంది, అంటే తవుట్లోకి పోయే భాగంలో. పైగా నీళ్లలో కరిగిపోతుంది. మిగిలిన కాస్తా కడుగులో పోతుంది, గంజిలో పోతుంది. కుడితి గోలెంలోకి ఏమేం చేరేవో గుర్తు తెచ్చుకుంటే, ఇంట్లోవాళ్ల కంచాల్లోంచి ఏం పోయిందో ఇంక చెప్పక్కర్లేదు.

ఆ విటమిన్‌ని మొదట కృత్రిమంగా తయారుచేసిన మనిషి మన నెల్లూరులో పుట్టాడు. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్, అమెరికన్ మిషనరీ దంపతుల కొడుకు, 1886లో. మొలగొలుకుల బియ్యం పండే నేల మీద కళ్లు తెరిచినవాడు బియ్యం జబ్బుకి మందు కనుక్కోవడం తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1910లో మనీలాలో ఎడ్వర్డ్ వెడర్ అనే సైనిక వైద్యుడు ఆయన చేతికి తవుడు కషాయం ఇచ్చి, ఇందులో ప్రాణం నిలబెట్టేదేదో ఉంది, అదేమిటో తేల్చమన్నాడు. బెరిబెరితో పోవడానికి సిద్ధంగా ఉన్న పసిబిడ్డ ఆ కషాయం చుక్కలతో తేరుకోవడం విలియమ్స్ కళ్లారా చూశాడు. తర్వాత ఆయన ఉద్యోగం బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో. తన సొంత సమయంలో మాత్రం తవుడు వెంటే తిరిగాడు. 1936లో థయమిన్‌ని తయారుచేశాడు. పాతికేళ్లకు పైగా పట్టింది.

మన నేలకీ ఈ జబ్బుకీ ఉన్న లంకె అక్కడితో అయిపోలేదు. ఉమ్మడి మద్రాసు రాజధానిలో ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల కంటే, పచ్చి బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లోనే, అంటే మన కోస్తాలోనే, బెరిబెరి పాతుకుపోయింది. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తర్వాత మర దాన్ని అంతగా ఊడ్చెయ్యలేదు. 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి విచారణ విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సుల్లో వేలమంది వెళుతుంటారు. ఆ సంస్థ పుట్టుక మన కంచంలోని తెల్లన్నంతో ముడిపడిందని ఎంతమందికి తెలుసో!

మరను తిట్టడానికి నేనిది రాయడం లేదు. తవుడంటని బియ్యం నెలల తరబడి నిలవుంటాయి. తవుడు ఆడిన కొద్ది రోజులకే కమురువాసన కొట్టి చేదెక్కుతుంది. పట్నాలకీ, కరువు ప్రాంతాలకీ బియ్యం చేరాలంటే ఆ నిలవ గుణం కావలసిందే. ఇక రోకలి సంగతి. పాతకాలం తిండిని పొగిడేవాళ్లు ఆ తిండి వెనకున్న భుజాల గురించి మాట్లాడరు. మా నాయనమ్మ అరచేతులు నాకు గుర్తున్నాయి. దంపుళ్లు మానేసి పాతికేళ్లయినా, ఆమె నా చెంప నిమిరితే గరుకుగా తగిలేది. ఆ గరుకుతనం మళ్లీ ఏ ఆడపిల్ల చేతికీ రాకూడదు. ప్రెషర్ కుక్కర్‌నే తీసుకోండి, అది ఆడవాళ్ల పొగా తగ్గించింది, గంజి వార్చడమూ మాన్పించింది. గంజితో పాటు పారబోసేది చాలావరకు అన్నంలోనే ఇంకుతోంది. యంత్రం తీసుకోవడమే కాదు, ఒక్కోసారి తిరిగి ఇస్తుంది కూడా.

దంపుడు బియ్యం తింటే షుగరు పోతుంది, బీపీ పోతుంది అని కూడా నేననను. అన్నాన్ని మందు చేసి అమ్మేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నాకు పట్టింది గ్రెయిన్స్ అడిగిన ప్రశ్న: ఇందులోంచి ఏం పోయింది?

ఈ ప్రశ్న మనం చేతిలోని ఫోను గురించి ఎప్పుడూ అడగం. అందులో విషం ఉందా అని మాత్రం తెగ అడుగుతాం. రేడియేషన్ వస్తుందట, కళ్లు పోతాయట, మెదడు పాడవుతుందట. విషం వెతుకుతూ కూర్చుంటే పోయింది కనబడదు. మా వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లి రావడం నాలుగు వందల అడుగులు. దారిలో ముగ్గురితో పలకరింపు, కొట్టాయన అమ్మ ఆరోగ్యం గురించి రెండు మాటలు. ఇప్పుడు ఫోను నొక్కితే నిమిషాల మీద సరుకులు గుమ్మంలోకి వస్తున్నాయి. సరుకు మల్లెపూవులా వచ్చింది. అడుగులు, పలకరింపులు, ఎండ, ఇవన్నీ వెనక గొట్టంలోంచి పోయాయి. లిఫ్టు వచ్చాక మెట్లు పోయాయి. పక్కమీద ఫోను వెలుగు వచ్చాక నిద్రలో కొంత పోయింది. ఏ ఒక్కటీ పెద్దది కాదు. థయమిన్ కూడా రోజుకి మిల్లీగ్రామే.

పోయిన తవుణ్ణి మళ్లీ డబ్బిచ్చి కొనుక్కోవడం మొదలైంది. నిజం తవుడే చూడండి, నూనె తీసి సీసాల్లో పోస్తే గుండెకి మంచిదని కొంటున్నాం. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు ప్రభుత్వం కలుపుతూ వచ్చింది. పేదల కంచానికి అది మేలే, నేను కాదనను. కానీ ముందు చెక్కేసి, తర్వాత అతికించే ఈ పనిలో, చెక్కడం తగ్గించే ఆలోచనకి చోటు దొరకడం లేదు. అడుగుల సంగతీ అంతే. మెట్లు మానేసి, మణికట్టుకి గడియారం కట్టుకుని, రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరిగి పదివేలు పూర్తిచేస్తున్నాం. ఆ పదివేల అంకెకి వైద్య పరిశోధన పునాది అంతగా లేదు. 1965లో జపాన్‌లో ఒక గడియారాల కంపెనీ అడుగులు లెక్కించే పరికరానికి పెట్టుకున్న పేరు అది, 'మాన్‌పొ-కెయ్', అంటే పదివేల అడుగుల మీటరు. పెద్ద వయసు ఆడవాళ్లు దాదాపు పదిహేడు వేలమంది మీద చేసి, 2019లో వెలువరించిన అమెరికా పరిశోధనలో, రోజుకి నాలుగువేల నాలుగు వందల అడుగులు వేసినవాళ్లలోనే, మరీ తక్కువ నడిచేవాళ్లలో కంటే మరణాలు తక్కువ. ఏడున్నర వేలు దాటాక అదనపు మేలు కనబడలేదు. అంటే కొట్టుకి నడిచివెళ్లడం, రెండంతస్తులు మెట్లెక్కడం, కూరగాయల బజారులో తిరగడం, ఇలాంటివే రోజంతా కూడితే చాలావరకు సరిపోతాయి. అవే మనం బస్తాలో పోసి బయట పెట్టినవి.

చిన్నకోడలు మరను ఆపమనలేదు, ఒక్కసారికే ఆపమంది. ఆ మాట పట్టుకుని నేనూ రెండు మూడు చిన్న కట్టుబాట్లు పెట్టుకున్నాను. బరువు లేకపోతే మెట్లే. కొత్తిమీర, పచ్చిమిర్చి, పెరుగు వరకు వీధి చివరి కొట్టే. ఫోను రాత్రి వంటింట్లో, మిక్సీ పక్కన పడుకుంటుంది.

పోయిన నెల బియ్యం ఆడించుకోవడానికి ఊళ్లో మిల్లుకి వెళ్లాను. పాలిష్ వద్దు, ఒక్క పట్టే చాలన్నాను. మిల్లు కుర్రాడు "అన్నం ఎర్రగా వస్తదండీ, ఇంట్లో ఒప్పుకుంటారా?" అని అడిగి, నేను తలూపాక బెల్టు వేశాడు. బియ్యం వస్తుంటే నేను వెనక్కి వెళ్లాను. తవుడు గొట్టం కింద దోసిలి పట్టాను. అప్పుడే పొయ్యి మీంచి దించిన పిండిలా వెచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన. కొంచెం నాలుక మీద వేసుకున్నాను. కుర్రాడు అటు నుంచి తొంగిచూసి, "తవుడు కూడా కావాలా అండీ? గేదెలున్నాయా మీకు?" అన్నాడు.

"లేవు బాబూ, మాకే" అన్నాను. అతను ఒక చిన్న సంచి తెచ్చి గొట్టం కింద పట్టాడు.